టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది?

నూరేళ్ల కింద హైదరాబాద్ కరెంటు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే పుట్టేది. నిజాం కాలపు థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చి సిటీకి దీపాలు పెట్టింది. ఇప్పుడు ఆ పొగగొట్టాలు లేవు. పొగ మాత్రం రామగుండానికి, జైపూర్‌కు, కొత్తగా దామరచర్లకు వలసపోయింది. యాదాద్రి థర్మల్ ఒక్కటే 4,000 మెగావాట్లు. మాదాపూర్‌లో ఏసీ నొక్కితే నల్లగొండలో బూడిద లేస్తుంది.

దేశం లెక్కలు అందరూ చదివే ఉంటారు. 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గుతో, గ్యాస్‌తో పని లేని వనరులదే. అయినా తయారయ్యే కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. ఆ వాటా తగ్గించడంలో హైదరాబాద్ పాత్ర ఏమిటని అడిగితే మన వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ చూపిస్తారు. బాగుంది, ఫొటోలకు ఇంకా బాగుంటుంది. కానీ సిటీ సైకిల్ ట్రాక్ మీద కాపురం ఉండదు, అపార్టుమెంట్లలో ఉంటుంది. నా పేచీ అక్కడే.

ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం చూడండి, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. సొంత ఇల్లుంటే మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 సబ్సిడీ. అదే అపార్టుమెంటు సంఘం లిఫ్టుకో మోటరుకో ప్యానెళ్లు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000. ఎండ అదే, ప్యానెల్ అదే, రేటు వేరు. ఈ పథకం గీసినవాళ్ల కళ్ల ముందు పెరడు, ప్రహరీ ఉన్న ఇల్లు ఉంది తప్ప ఐదంతస్తుల్లో 20 ఫ్లాట్లున్న మల్కాజిగిరి అపార్టుమెంటు లేదు. ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద ప్యానెళ్లు వచ్చాయంటే అక్కడ ఎవరి ఇంటికి వాళ్ల కప్పు ఉంది. ఇక్కడ ఇరవై ఇళ్లకు ఒకటే కప్పు, దానికొక తాళం.

కాగితం మీద లెక్క వేద్దాం. అలాంటి అపార్టుమెంటు టెర్రస్ 4,000 చదరపు అడుగులు అనుకోండి. ట్యాంకులు, లిఫ్టు గది, బట్టల తీగలు సగం తిన్నా 2,000 మిగులుతుంది. కిలోవాట్‌కు సుమారు 100 అడుగులు చాలు, అంటే 20 కిలోవాట్లు. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 2,400 యూనిట్లు. కామన్ మీటరు 800 మింగినా ఫ్లాటుకు 80 యూనిట్లు పంచవచ్చు. ఆ పంపకానికి పేరు కూడా ఉంది: వర్చువల్ నెట్ మీటరింగ్. పైన ఒకచోట పుట్టిన కరెంటును వాటాల ప్రకారం ఎవరి బిల్లులో వాళ్లకు తగ్గించడం. ఢిల్లీ 2019లోనే దానికి మార్గదర్శకాలు రాసుకుంది. మన దగ్గర అసోసియేషన్ సెక్రటరీని ఆ మాట అడిగి చూడండి, మీ ముఖం వంక చూస్తాడు.

అభ్యంతరాలు లేవని కాదు. ఎడారిలో పెద్ద సోలార్ పార్కు పెడితే యూనిట్ చవక. బిల్లు బాగా కట్టే వినియోగదారు తగ్గితే డిస్కంకు, అంటే కరెంటు పంచే సంస్థకు, నష్టం. పైగా సాయంత్రం సూర్యుడుండడు. మొదటిదానికి జవాబు: పార్కుకు భూమి కావాలి, వందల కిలోమీటర్ల లైన్లు కావాలి, డాబాకు రెండూ అక్కర్లేదు. మూడోదానికి: నీటిని వెనక్కి తోడే టర్బైన్లు నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో ఎప్పుడో పెట్టుకున్నాం, పగటి ఎండను రాత్రికి దాచడానికి అవి పనికొస్తాయి. రెండోది మాత్రం నిజమైన బాధే. కానీ 200 యూనిట్లలోపు వాడే పేద ఇంటికి గృహజ్యోతి కింద ప్రభుత్వం నెలనెలా కడుతూనే ఉంది కదా. రెండు కిలోవాట్ల ప్యానెల్ నెలకు 240 యూనిట్లిస్తుంది. జీరో బిల్లును ఖజానా నుంచి కాక ఎండ నుంచి రాబడితే డిస్కం ఎందుకు ఏడవాలి?

అయితే ఆ పేద ఇంటికి కప్పెక్కడిది? అద్దెకుంటే ఓనరుది. ఓనరైతే బిల్డరు దయ. ఇది కరెంటు గొడవ కాదు, జాగా గొడవ. అపార్టుమెంటు చట్టం 1987 నాటిది. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి అనేది అప్పటి మాటే. ఆ ఉమ్మడి మీద పెంట్‌హౌస్ లేపినవాడిని ఈ నగరం ఏం చేసింది? 2007లో బీపీఎస్ (అక్రమ కట్టడాలకు జరిమానా పథకం) అంది, 2015లో బీఆర్‌ఎస్ అంది (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ, పార్టీకి అప్పటికి ఆ పేరు లేదు). రుసుము కట్టు, కప్పు నీదే అన్నట్టు. చెరువులు ఎలా పోయాయో డాబాలూ అలాగే పోయాయి. చెరువుల ఎఫ్‌టీఎల్ (నీళ్లు నిండుగా నిలిచే హద్దు) కాపాడతామంటూ 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చింది. టెర్రస్‌కు ఎఫ్‌టీఎల్ ఎవరు గీస్తారు?

డాబా వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం గతి కూడా చూడండి. 2023లో ప్రకటించారు. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అన్నారు. మా అమ్మ తరం దీనికి జీవో అడగలేదు, ఉగాదికి ముందు డాబాకు సున్నం కొట్టించేది. ప్యానెల్ నీడ పడినచోట సున్నం కూడా అక్కర్లేదు, పై అంతస్తు వాళ్ల ఏసీ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇవన్నీ పైకి ఎక్కగలిగితే. చాలాచోట్ల బిల్డరు సెల్ టవరుకో హోర్డింగుకో అద్దెకిచ్చేసి తాళం జేబులో వేసుకున్నాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురానికి అనుమతి) ఇచ్చే రోజుకే బిల్డరు టెర్రస్‌ను సంఘం పేరున రాసి రిజిస్టరు చేయాలి, చేయకపోతే సర్టిఫికెట్ ఆపాలి. సబ్సిడీ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

మా అపార్టుమెంటులో నిరుడు ఈ ముచ్చట తెచ్చాను. "పైన అద్దాలు పరుస్తే వడియాలు ఎక్కడ పెట్టుకోవాలె సార్?" అన్నారు ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ. న్యాయమైన ప్రశ్నే, కాస్త ఎత్తులో ఫ్రేము కడితే కింద వడియాలు కూడా ఎండుతాయన్నాను. నమ్మలేదు. ఈ ఆదివారం మళ్లీ మీటింగ్. ఎజెండాలో లిఫ్టు రిపేరు, వినాయక చవితి చందా, పార్కింగ్ తగాదా. సోలార్ నాలుగోది. మూడోదాంట్లోనే అందరూ లేచిపోతారని వాచ్‌మన్ ముందే చెప్పాడు.