కూర్చుంటే నలుగుతుంది

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. మొదటిదాని పేరు 'లినెన్ దుస్తులు ముడత పడకుండా పాటించవలసిన జాగ్రత్తలు'. 501లో ఉండే మా సెక్రటరీ గారు ద్వారకానగర్‌లో 4,200 రూపాయలు పోసి ఒక చొక్కా కొంటే, డబ్బాలో దానితో పాటు వచ్చిందట. జనహితం కోరి దాన్ని పెద్ద సైజులో జిరాక్స్ తీయించి అతికించారు. రెండో కాగితం సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడే ఎత్తుకుంటే నాకు బీపీ పెరుగుతుంది.

ఎండాకాలం విశాఖలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే లినెన్ తప్పనిసరి అని మీకూ తెలుసు. లేత బిస్కెట్ రంగు చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడక. గుడ్డ మంచిదే, కాదనను. చెమట పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది, గాలి ఆడుతుంది. అవిసె మొక్క కాడల్లోంచి తీసిన నార అది. అవును, మనం కారప్పొడి కొట్టుకునే అవిసె గింజల మొక్కే.

చిక్కల్లా నారకు సాగే గుణం తక్కువ కావడమే. వంచితే వంగినచోటే ఉండిపోతుంది. దానికి తేమ తోడైతే లోపలి సెల్యులోజ్ పోగుల మధ్య పట్టు సడలుతుంది, ఆరేటప్పుడు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే మళ్ళీ బిగుసుకుంటుంది. గుడ్డ మీద తేమ, వేడి, బరువు కలిపి ప్రయోగిస్తే దాన్ని ఇస్త్రీ అంటారు. మే నెలలో జగదాంబ జంక్షన్ నుంచి చెమటలు కక్కుతూ వచ్చి కుర్చీలో కూలబడే మనిషి కూడా సరిగ్గా ఆ మూడే ప్రయోగిస్తున్నాడు. అంటే తన చొక్కాని తానే వీపుతో ఇస్త్రీ చేసుకుంటున్నాడన్నమాట, కాకపోతే ముడతలతో సహా.

ఈ శాస్త్రం మా బావమరిదికి ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళు బాగుండాలి.

మొన్న గాజువాకలో మా మరదలి గృహప్రవేశం. ఎంవీపీ కాలనీ నుంచి ఒకే కారులో బయలుదేరాం. బావమరిది చొక్కా లినెన్, ప్యాంటు కూడా లినెనే. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టి, దూలంలా పడుకున్నాడు. తల మా అత్తగారి ఒళ్ళోకి వచ్చింది. ఆవిడ దాని పక్కనే శనగల గిన్నె పట్టుకుని కూర్చున్నారు. సీటు బెల్టు పెట్టుకోరా అంటే, "అడ్డంగా గీత పడుతుంది బావా" అని దాన్ని రెండు చేతులతో ఛాతీకి జానెడు ఎత్తున పట్టుకున్నాడు. మద్దిలపాలెం దాకా అలాగే పట్టుకున్నాడు. ఏసీ ఆపనివ్వలేదు, చెమట పడుతుందని. మాట్లాడనివ్వలేదు, నవ్వితే పొట్ట దగ్గర నలుగుతుందని.

గురుద్వారా సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ లోపలికి తొంగి చూశాడు. పడుకున్న మనిషి, కదలని కళ్ళు, ఒళ్ళో తల పెట్టుకున్న తల్లి. "ఏ ఆసుపత్రికమ్మా?" అన్నాడు పాపం. అత్తగారు నోరు తెరిచేలోపే విజిల్ ఊది మాకు దారి ఇప్పించాడు. ఎన్ఏడీ జంక్షన్ దాకా మేమెవరం మాట్లాడుకోలేదు. ప్రాచీన ఈజిప్టులో మమ్మీలను చుట్టింది లినెన్‌తోనే అని నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆ గుడ్డ కట్టుకుని కూర్చోకుండా, వంగకుండా, చెమట పట్టకుండా వేల ఏళ్ళు గడిపినవాళ్ళు వాళ్ళొక్కరే. మావాడిది గంట ప్రయాణం.

వ్రతం అయ్యేదాకా నిలబడ్డాడు. బంతి భోజనం మానేసి, ద్వారబంధం దగ్గర నిలబడే పులిహోర తిన్నాడు. చివర్లో చెల్లెలు బట్టలు పెడతానని పీట మీద కూర్చోమంది. అన్నగారు కదా, తప్పుతుందా? కూర్చున్నాడు. మూడు నిమిషాలు. లేచేసరికి ప్యాంటు మీద తొడల దగ్గర పాడేరు ఘాట్ రోడ్డు మొత్తం మలుపులతో సహా కనిపించింది. పెట్టిన బట్టల కవరు విప్పి చూస్తే అందులోనూ లినెనే.

సరే, నోటీసు బోర్డు కాగితానికి వద్దాం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చల్లటి నీళ్ళలోనో గోరువెచ్చటి నీళ్ళలోనో ఉతకాలి. మెషిన్‌లో కుక్కకూడదు, స్పిన్ తగ్గించాలి, మెలితిప్పి పిండకూడదు. గట్టిగా జాడించి వెంటనే ఆరేయాలి. 'పొడి ప్రదేశంలో' హ్యాంగరుకు తగిలించాలి అని కూడా ఉంది. ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారే ఊళ్ళో పొడి ప్రదేశం ఎక్కడుందో సెక్రటరీ గారే చూపించాలి. ముడత పడని లినెన్ అని వేరే అమ్ముతారు గానీ, దానికి పట్టించే రెజిన్ అనే రసాయనంతో నార బలం తగ్గుతుంది. దాని జోలికి పోను.

అసలు ముక్క కింద లావు అక్షరాల్లో ఉంది: 'పూర్తిగా ఆరకముందే, తేమ మీద, బాగా వేడి పెట్టెతో ఇస్త్రీ చేయవలెను.'

ఇక రెండో కాగితం. 'మన గేటు పక్కనున్న ఇస్త్రీ బండి వల్ల అపార్ట్‌మెంటు అందం దెబ్బతింటున్నందున, ఈ నెల 15 లోగా తొలగించాలని తీర్మానించడమైనది.' కింద సంతకం ఆయనదే. రెండు కాగితాలకీ గుండుసూదులు కూడా ఒకే రంగువి.

ఎవరయ్యా అందం చెడగొట్టింది? పన్నెండేళ్ళకి పైగా ఆ వేపచెట్టు కింద నిలబడి మీ అందాన్ని రోజూ పొద్దున్నే తయారు చేసి పంపింది ఎవరు? మీ కాగితంలో లావు అక్షరాల ముక్కని కాగితం లేకుండా చేస్తున్న మనిషి అతను. "ఈ నారగుడ్డకి రాత్రే నీళ్ళు జల్లి మూట కట్టేత్తాను బాబూ, తెల్లారేసరికి తేమ సమంగా పాకతాది" అని నాకు చెప్పాడు. ముదురు రంగుకి లోపలివైపు నుంచే పెట్టె పెడతాడు, లేకపోతే మెరుపు మరక పడుతుందని. ప్రతిసారీ ఒకే గీత మీద మడత పెట్టడు, అక్కడే నార తెగుతుందని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మీ ఇళ్ళలో ఇస్త్రీ పెట్టెలన్నీ చల్లగా పడున్నాయి. కూలిన కొమ్మల మధ్య ఆ బొగ్గుల పెట్టె ఒక్కటే వెచ్చగా ఉంది. ఆఫీసులకి పోవాలని అతని చుట్టూ మూగారు, తీర్మానం చేసినవాళ్ళతో సహా. ఆ వారం మీకు అందం గుర్తు రాలేదు. చొక్కాకి 4,200 మారు మాట్లాడకుండా ఇచ్చి, ఇస్త్రీకి 10 నుంచి 15 చేస్తానంటే మీటింగు పెట్టిన మనుషులు! సిగ్గుండాలి.

15వ తారీఖు దాటింది. బండి రెండు వీధుల అవతలికి, ఒక పాత ఇంటి ప్రహరీ పక్కకి పోయింది. నిన్న నా బట్టలు తీసుకుని అక్కడికి వెళ్ళాను. చీకటి పడుతోంది. మా వాచ్‌మన్ నల్ల కవరొకటి బండి మీద పెట్టి, నన్ను చూసి తల దించుకుని వెళ్ళిపోయాడు. కవరులోంచి బిస్కెట్ రంగు లినెన్ చొక్కా బయటికొచ్చింది. ఇస్త్రీ అతను నీళ్ళు జల్లుతూ కాలరు తిప్పాడు. లోపల స్కెచ్ పెన్నుతో రాసిన అంకె సగం చెరిగిపోయింది గానీ, 501 అని ఇంకా చదవొచ్చు.