చైనావాళ్లకు డిప్రెషన్ రాదట!

ఈ మెసేజ్ వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది. రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు, కింద "పది మందికి పంపండి" అని మాత్రం ఉంది. సారాంశం ఇదీ: అమెరికాలో ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తే చైనాలో అది నామమాత్రం. ఎందుకంటే వాళ్లు పొద్దున తొమ్మిదికి పనిలో దిగితే రాత్రి తొమ్మిదికి లేస్తారు, ఏడవడానికి తీరిక ఉండదు. పల్లెల్లో ప్రశాంతంగా బతుకుతారు. ముసలివాళ్లను పిల్లలు నెత్తిన పెట్టుకుని చూసుకుంటారు. ఆడామగా సమానం. చివర్లో మనకో సలహా: "కౌన్సెలింగులు మాని పని చూసుకోండి."

చైనా మీద అభిమానంతో రాశారో, మన పిల్లల మీద చిరాకుతో రాశారో తెలియదు గానీ, ఇందులో కాస్త ఎక్కువ ఆధారం ఉన్న మాట మొదటిదే. ముందు అదే చూద్దాం.

"అక్కడ నామమాత్రం." 2013 నుంచి 2015 దాకా చైనా అంతటా పెద్ద సర్వే ఒకటి జరిగింది. 32 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేశారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ జబ్బు వచ్చినవాళ్లు 6.8 శాతం తేలారు. అమెరికాతో పోలిస్తే తక్కువే, కాదనను. కానీ ఆ దేశంలోని పెద్దవాళ్ల సంఖ్యకి ఆ శాతమే ఏడు కోట్ల మందికి పైగా అవుతుంది. డిమెన్షియాని (వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు) పక్కనపెట్టి మిగతా మానసిక జబ్బులన్నీ కలిపితే 16.6 శాతం, అంటే ఆరుగురిలో ఒకరు.

ఇక్కడ తమాషా ఏంటంటే, అంతకు పదేళ్ల ముందు, 2001-05 మధ్య, నాలుగు రాష్ట్రాల్లో 63 వేల మందితో ఇంకో అధ్యయనం జరిగింది. అందులో మానసిక జబ్బులన్నీ కలిపి, కేవలం గడిచిన నెల రోజుల లెక్కే 17.5 శాతం వచ్చింది. నెల లెక్క జీవితకాలం లెక్క కన్నా ఎక్కువ ఎలా అవుతుంది? పదేళ్లలో జనానికి జబ్బులు నయమైపోలేదు. పాత అధ్యయనంలో ముందు ప్రశ్నలతో వడపోసి, తర్వాత సైకియాట్రిస్టులే కూర్చుని మాట్లాడారు. ఎవరు అడిగారు, ఎలా అడిగారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాబట్టి రెండు దేశాల శాతాలు పక్కపక్కన పెట్టి "వాళ్ల మనసు గట్టిది" అని తేల్చేయడం కుదరదు.

అడిగినా చెప్పే తీరు వేరు. 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు హునాన్ రాష్ట్రంలోని చాంగ్షాలో, నరాల నీరసం అని డాక్టర్లు రాసిన వంద మంది రోగులను పరీక్షించాడు. తలనొప్పి, నిద్రలేమి, నిస్సత్తువ అని వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లలో 87 మందికి డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. మన దగ్గరా "నరాల వీక్‌నెస్" అని బలానికి సూది వేయించుకుని ఇంటికెళ్లేవాళ్లు తక్కువేం కాదు.

"పనిలో పడితే టెన్షన్ ఉండదు." పన్నెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు పనిచేయడాన్ని అక్కడ 996 అంటారు. 2019లో అలీబాబా కంపెనీ స్థాపకుడు జాక్ మా దాన్ని వరం అన్నాడు. అదే ఏడాది చైనా ప్రోగ్రామర్లు దాని మీద ఆన్‌లైన్‌లో ఉద్యమమే నడిపారు. 2021 ఆగస్టులో సుప్రీం పీపుల్స్ కోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. మెసేజ్ రాసినాయనకి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఒక్క సంగతి మాత్రం నిజం. ఆ దేశవ్యాప్త సర్వేలో ఉద్యోగం లేనివాళ్లలో డిప్రెషన్ ఎక్కువ కనిపించింది. అయితే పని చూసుకోండి అనాలంటే చేయడానికి పని ఉండాలి కదా. 2023 జూన్‌లో పట్టణాల్లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్ల నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆ తర్వాత ప్రభుత్వం కొన్ని నెలలపాటు ఆ అంకె ప్రకటించడమే ఆపేసింది.

"పల్లెల్లో ప్రశాంతంగా ఉంటారు." అన్నిటికన్నా పెద్ద అబద్ధం ఇదే. 1995-99 లెక్కల్లో చైనా పల్లెల్లో ఆత్మహత్యల రేటు పట్టణాలకు మూడింతలు. లోకంలో దాదాపు అన్నిచోట్లా మగవాళ్ల రేటు ఎక్కువ. అక్కడ మాత్రం ఆడవాళ్లది పాతిక శాతం ఎక్కువగా ఉండేది, ముఖ్యంగా పల్లెల్లోని వయసు ఆడపిల్లల వల్ల. ఆ తర్వాత దేశం మొత్తం మీద రేటు సగానికి పైగా పడిపోయింది. ఆడపిల్లలు ఊరు వదిలి ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వెళ్లడం, అత్తింటి ఒత్తిడికి దూరం కావడం, చేతికందే చోట పురుగుమందు లేకపోవడం ఇందుకు కారణాలని పరిశోధకులు వాదించారు. పురుగుమందు ఇంట్లో ఉంటే ఎంత ప్రమాదమో మన పత్తి జిల్లాల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలాగని పట్నం వెళ్లినవాళ్లకు అంతా బాగుందని కాదు. చైనాలో వలస కార్మికులు 29 కోట్లకు పైనే. వాళ్లలో ఎంతోమందికి పని షెన్‌జెన్‌లోనో గ్వాంగ్‌జౌలోనో, కుటుంబ నమోదు మాత్రం పుట్టిన ఊళ్లో. ఆ నమోదు పేరు హుకౌ. పిల్లల బడి, వైద్య బీమా చాలావరకు దాన్నే పట్టుకుని నడుస్తాయి. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎక్కువమంది సొంత రాష్ట్రానికి వెళ్లే రాయాలి. అందుకే తల్లి ఫ్యాక్టరీ హాస్టల్లో బంకు మంచం మీద ఉంటుంది, బిడ్డ ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరుగుతుంది. కొత్త సంవత్సరం సెలవుల్లో కలుసుకుంటారు, మిగతా ఏడాదంతా ఫోనే. కోవిడ్ మొదలైన రోజుల్లో, 2020 జనవరి ఆఖరున మొదలుపెట్టి 52 వేల మందికి పైగా ఆన్‌లైన్ ప్రశ్నలు వేస్తే, దాదాపు 35 శాతం మందిలో మానసిక బాధ కనిపించింది. వృత్తుల్లో చూస్తే అందరికన్నా ఎక్కువ బాధ వలస కార్మికులది. ఆన్‌లైన్ సర్వే కాబట్టి ఆ 35ని మొత్తం దేశానికి అంటగట్టకూడదు. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది మాత్రం గమనించదగ్గదే.

"ముసలివాళ్లను నెత్తిన పెట్టుకుంటారు." అలాగైతే 2012 డిసెంబరులో వృద్ధుల చట్టం ఎందుకు సవరించాల్సొచ్చింది? వేరే ఉండే పిల్లలు తల్లిదండ్రుల్ని తరచూ వచ్చి చూడాలని అందులో రాశారు. 2013 జూలైలో అది అమల్లోకి వచ్చిన రోజే, వూషీ నగరంలో 77 ఏళ్ల తల్లి వేసిన కేసులో, కనీసం రెండు నెలలకోసారి వెళ్లి చూడమని కూతుర్ని కోర్టు ఆదేశించింది.

డబ్బు సంగతీ చూడండి. పల్లెల్లో వృద్ధులకు పెన్షన్ 2009లో మొదలైంది, నెలకు కనీసం 55 యువాన్లతో. 2024లో ఆ కనీస మొత్తం 123 యువాన్లు, అంటే మన డబ్బులో 1,400 రూపాయల చిల్లర. పట్టణంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి సగటున మూడు వేల యువాన్ల పైనే వస్తుంది. ఇక మనసు సంగతి. 2011-12లో చైనాలో ఇంకో సర్వేలో నడివయసు వాళ్లనీ, వృద్ధులనీ గడిచిన వారం గురించి అడిగారు: ఏ పనైనా భారంగా అనిపించిందా, నిద్ర సరిగా పట్టిందా, ఒంటరిగా అనిపించిందా? అరవై దాటిన వాళ్లలో దాదాపు 40 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా తేలాయి. అది జబ్బు నిర్ధారణ కాదు, ఆ వారం మనసు ఎలా ఉందన్న కొలత. అయినా చిన్న అంకె కాదు.

"ఆడామగా సమానం." పైన చెప్పిన ఆ 40 శాతాన్ని విడదీస్తే మగవాళ్లు 32, ఆడవాళ్లు 48. కోవిడ్ సర్వేలోనూ ఆడవాళ్ల బాధే ఎక్కువ. ఆకాశంలో సగం ఆడవాళ్లదే అన్న మావో మాట అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. మనవల్ని పెంచే పని మాత్రం ఎక్కువగా నాయనమ్మల మీదే పడుతుంది.

ఇక కౌన్సెలింగులు మానేయమన్న సలహా. చైనా 2013 మే నుంచి మానసిక ఆరోగ్య చట్టం అమలు చేస్తోంది, అంటే వాళ్ల ప్రభుత్వమే ఆ సలహా పాటించడం లేదు. వైద్యం అందరికీ అందుతోందా అంటే, అదే దేశవ్యాప్త సర్వేలో గడిచిన ఏడాదిలో డిప్రెషన్‌తో ఉన్నవాళ్లలో ఏదో ఒక చికిత్స దొరికింది 9.5 శాతం మందికి. సరిపడా చికిత్స దొరికింది 0.5 శాతానికి, అంటే రెండు వందల మందిలో ఒకరికి. మిగతా 199 మందిని ఈ మెసేజ్ జబ్బే లేనివాళ్ల ఖాతాలో వేసేసింది.