వట్టం ఎవరి నెత్తిన?

పది రూపాయల నాణెం చేతికిస్తే కిళ్లీకొట్టువాడు తల అడ్డంగా ఊపడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ‘బ్యాంకోళ్లు తీసుకోరండీ’ అన్న ఒక్క మాటతో బేరం ముగుస్తుంది. ఇలాంటి పేచీయే 1912లో హాంకాంగ్ ట్రాములను ఖాళీగా తిప్పింది. అక్కడి బ్రిటిష్ సర్కారు అప్పటికే తన చిల్లరను తాను వెనక్కి తీసుకునే పనిలో ఉంది.

అంత చిల్లర ఎందుకు పోగుపడింది? ఐదు, పది, ఇరవై సెంట్ల బిళ్లల్లో వెండి 80 శాతమే. లోహానికి పెట్టిన ఖర్చు పోగా ముఖవిలువలో మిగిలేదంతా ఖజానా లాభం. సరిహద్దు అవతల చైనాలోని కాంటన్ (నేటి గ్వాంగ్‌జౌ) బజారు ఎంత ఇచ్చినా పుచ్చుకుంటుంటే అచ్చు వేయించడానికి మొహమాటం దేనికి? ముఖవిలువలో నాలుగు కోట్ల డాలర్లకు పైగా చిల్లర అలా బయటికి వెళ్లింది. ఈలోగా కాంటన్‌లో చైనా ప్రభుత్వ టంకశాల కూడా ఇంచుమించు అదే సైజు, అదే తూకం బిళ్లలు కుప్పలుగా పోయడం మొదలుపెట్టింది. రెండు చిల్లరలూ కలిసి చౌకబడ్డాయి. చట్టం ప్రకారం వెండి చిల్లర రెండు డాలర్ల దాకానే చెల్లుబాటు. అంతకు మించితే డబ్బు మార్చే షరాబు దగ్గర వట్టం, అంటే మారకపు కోత, వదులుకోవలసిందే. (హాంకాంగ్‌లో పార్కింగ్ రుసుము కట్టించుకునే గదిని నేటికీ ‘ష్రాఫ్’ అంటారు. మన షరాబే!)

1905 తరువాత వెండి చిల్లర ముద్రణ ఆగిపోయింది. మళ్లీ 1932 దాకా లేదు. ఖజానాకు చేరిన బిళ్లలను బజారుకు వదలకుండా కరిగించడానికి పంపారు. అమ్మినప్పుడు తిన్న లాభాన్ని కొన్నప్పుడు కక్కడం ఏ ఖజానాకైనా బాధే. అయినా ఆ పని న్యాయమైనదని మేము ఒప్పుకుంటాం. చిక్కల్లా ఎక్కడంటే, ఇక్కడ ఒక బిళ్ల కరిగితే దాని చోటులోకి కాంటన్ బిళ్ల వచ్చి కూర్చునేది. తొట్టి తోడుతున్నవాడు ఒకడు, కొళాయి తిప్పుతున్నవాడు మరొకడు.

అప్పుడు గవర్నర్ ఫ్రాన్సిస్ హెన్రీ మే దృష్టి ట్రాము టికెట్టు మీద పడింది. 1912 నవంబరులో ట్రాములు, స్టార్ ఫెర్రీ పడవలు చైనా నాణేలు తీసుకోబోమన్నాయి. కంపెనీల బాధ అబద్ధం కాదు. టికెట్ల మీద వచ్చిన చిల్లరను బ్యాంకులో మార్చుకుంటే నష్టం వాళ్లకే. కానీ కూలివాడి జేబులో ఉన్నది ఆ నాణెమే. పైగా చైనా గణతంత్రమై అప్పటికి ఏడాది కూడా కాలేదు. తమ నాణేన్ని కాదనడం జనానికి లెక్కల వ్యవహారంలా కాక అవమానంలా తగిలింది. ట్రామెక్కడం మానేశారు. సర్కారు బహిష్కరణ నిరోధక చట్టం తెచ్చి, ఏ పేటలో బహిష్కరణ సాగితే ఆ పేట జనం మీద పన్ను వేస్తామని బెదిరించింది. వర్తకులు టోకున టికెట్లు కొని పనివాళ్లకు పంచాక, 1913 మొదట్లో గొడవ చల్లారింది.

చిల్లర పోసి లాభపడింది రెండు టంకశాలలు. వట్టం కట్టింది ట్రామెక్కినవాడు. కాంటన్‌తో తేల్చుకోవలసిన తగాదాను టికెట్టు కిటికీ దగ్గరికి ఈడ్చడమే గవర్నర్ మే చేసిన తప్పు. ఖజానా తలుపు దగ్గర చిల్లరను ముఖవిలువకు మార్చే ఏర్పాటు ముందు విరివిగా చేసి, ఆ తరువాత పరాయి నాణేన్ని ఆపి ఉంటే కథ వేరుగా నడిచేదని మా అభిప్రాయం.

మన దగ్గర 2011 జూన్ 30న పావలా చెల్లుబాటు పోయింది. అంతకు ముందురోజు దాకా బ్యాంకులు ముఖవిలువకే మార్చి ఇచ్చాయి. హాంకాంగ్ కంటే ఇది చాలా మేలు. కానీ గడువు సంగతి తెలియని అవ్వల ముంతల్లో ఆ బిళ్లలు అలాగే ఉండిపోయాయి. పది రూపాయల నాణేనికి అలాంటి గడువేమీ లేదు. ఖాతాదారు ఎన్ని నాణేలు తెచ్చినా జమ చేసుకోవడానికి బ్యాంకులకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకే చెబుతోంది. ఆ మాటను ప్రతి శాఖలో, కౌంటరు అద్దం మీద, తెలుగులో పెద్దక్షరాలతో రాసి అతికించాలని మేము కోరుతున్నాం. కిళ్లీకొట్టువాడు కూడా ఆ వరుసలో నిలబడేవాడే.