దేవుడి మీద వర్క్ టు రూల్

కార్మికోద్యమ చరిత్ర రాసినవాళ్లు ఒక పెద్ద సంఘాన్ని అన్యాయంగా వదిలేశారు. దానికి జెండా లేదు, చందా లేదు, ఎన్నికలు అసలే లేవు. అయినా ప్రతి మతంలోనూ, దాదాపు ప్రతి ఇంట్లోనూ కనీసం ఒక్క సభ్యుడుంటాడు. లోకం ఆయన్ని నిష్ఠాగరిష్ఠుడంటుంది. ఇంట్లోవాళ్లు, ఆయన వినడం లేదని రూఢి చేసుకున్నాక, చాదస్తం అంటారు. రెండూ తప్పే. ఆయన సమ్మెలో ఉన్నాడు.

వర్క్ టు రూల్ సంగతి అందరికీ తెలిసిందే. పని మానరు, జీతం వదులుకోరు. రూల్సులో ఏముందో పొల్లుపోకుండా అదే చేస్తారు. రైలు డ్రైవరు తనిఖీ చేయాల్సినవన్నీ తనిఖీ చేస్తాడు, సంతకం ఉండాల్సిన చోటల్లా సంతకం పెట్టిస్తాడు. బండి మాత్రం కదలదు. ఒక్క తప్పు కూడా జరగలేదు కాబట్టి యాజమాన్యం ఎవర్నీ ఏమీ అనలేదు.

నిష్ఠాపరుడిదీ ఇదే పోరాటం. దయగా ఉండు, పక్కవాడి కష్టం చూడు అని పైనుంచి ఆదేశాలున్న మాట నిజమే. కానీ వాటిని కొలవడం ఎలా? ఎంత దయ చూపిస్తే కోటా పూర్తయినట్టు? అదే కుడికాలు ముందు పెట్టమన్నారనుకోండి, పెట్టాడో లేదో చూడగానే తెలిసిపోతుంది. ముఖ్యంగా ఎదుటివాడి కాలైతే.

ప్రార్థన జరుగుతుండగా పక్కవాడు కళ్లు తిరిగి పడిపోయాడనుకుందాం. మామూలు మనిషి నీళ్ల కోసం పరుగెత్తుతాడు. మనవాడు అలా తొందరపడడు. మధ్యలో లేవచ్చా? లేస్తే మళ్లీ మొదట్నుంచి చెయ్యాలా, ఆపిన చోటి నుంచి అందుకోవచ్చా? పడ్డవాడి కాళ్లు ఎటున్నాయి? అటు ఉండొచ్చా? ఈలోగా ఎవడో తెలివితక్కువవాడు నీళ్లు తెచ్చి మొహాన కొట్టేస్తాడు. వాడు చెప్పులతో లోపలికొచ్చాడన్న విషయం ఒక్క మనవాడికే కనిపిస్తుంది.

ఈ ఉద్యమానికి ఆద్యుడు ఎవరని వెతుక్కుంటూ వెళ్తే సాక్షాత్తూ అర్జునుడు దొరికాడు. కర్ణపర్వం. అవతల యుద్ధం జరుగుతోంది. కర్ణుడి చేతిలో గాయపడిన ధర్మరాజు శిబిరంలో ఉన్నాడు. అన్న ఎలా ఉన్నాడో చూద్దామని అర్జునుడు వచ్చాడు. కర్ణుణ్ని చంపేసి వచ్చాడనుకున్న ధర్మరాజు, ఇంకా చంపలేదని తెలిసి మండిపడ్డాడు. చేతకాకపోతే ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అన్నాడు. అంతే, అర్జునుడు కత్తి దూశాడు. గాండీవం ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని ఆయనకు పాత ప్రతిజ్ఞ ఒకటుంది. ప్రతిజ్ఞలో అన్నకు మినహాయింపు రాయలేదు.

కృష్ణుడు అడ్డుపడి కౌశికుడి కథ చెప్పాడు. కౌశికుడు అబద్ధం ఆడని వ్రతంలో ఉన్నవాడు. దొంగలు తరుముతుంటే కొందరు ప్రాణభయంతో అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే ఈయన నిజం చెప్పాడు. దొంగలు వాళ్లందర్నీ చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. అర్జునుడు కథంతా శ్రద్ధగా విన్నాడు, నువ్వు చెప్పిందే ధర్మం అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మరి నా ప్రతిజ్ఞ మాటేమిటి అన్నాడు. ఇదీ నిష్ఠ!

ఇక కృష్ణుడు లేబర్ ఆఫీసరు అవతారం ఎత్తక తప్పలేదు. పెద్దవాణ్ని అవమానిస్తే చంపినట్టే లెక్క, ఆయన్ని 'నువ్వు' అని నాలుగు మాటలను, సరిపోతుంది అన్నాడు. అర్జునుడు అన్నాడు. నాలుగుతో ఆగలేదు కూడా. అని, మళ్లీ కత్తి దూశాడు. ఈసారి తన కోసం. అన్నను అవమానించిన పాపానికి చావాలట. తనను తాను పొగుడుకుంటే ఆత్మహత్యతో సమానం అని కృష్ణుడు ఇంకో క్లాజు తీశాడు. అర్జునుడు అక్కడే నిలబడి, శివుడు తప్ప నాతో సమానమైన విలుకాడు లేడంటూ తన గొప్పలు తానే చెప్పుకున్నాడు. రెండు ఫైళ్లూ క్లోజయ్యాయి. అవతల కర్ణుడు వీళ్ల సైన్యాన్ని ఊచకోత కోస్తూనే ఉన్నాడు. రూల్సు పాటించేటప్పుడు అలాంటివి మామూలే.

సమ్మె సరే, భోజనం మాటేమిటంటారా? దానికీ ఏర్పాటుంది. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం కూడదు, చేప తినొచ్చు. 12వ శతాబ్దంలో ఐర్లండులో కొందరు బిషప్పులు ఒక రకం సముద్రపు బాతుల్ని ఆ రోజుల్లోనూ నిశ్చింతగా ఆరగించేవారు. ఆ బాతులు గూడు కట్టడం, గుడ్లు పెట్టడం అక్కడివాళ్లెవరూ చూడలేదు. అవి గుడ్లు పెట్టేది ఎక్కడో ఆర్కిటిక్‌లో. కాబట్టి సముద్రంలో కొట్టుకొచ్చే దుంగలకు పుడతాయని తేల్చారు. దుంగకు పుట్టింది మాంసం ఎలా అవుతుంది? వెనెజువేలాలో అయితే 50 కిలోల దాకా తూగే కాపీబారా కూడా ఉపవాస దినాల్లో చేపే. ఎలుక జాతి జంతువే, కాకపోతే నీళ్లలో ఎక్కువగా ఉంటుంది. చెప్పుకోదగ్గ ఆధ్యాత్మిక సాధన ఇది. ఆకలి మీద విజయం ఎవరైనా సాధిస్తారు, జంతుశాస్త్రం మీద సాధించడం కష్టం.

జరిమానాల్లోనూ మనవాళ్లు ఖచ్చితంగా ఉంటారు. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లనే కరడుగట్టిన క్రైస్తవులు క్రిస్మస్ జరుపుకున్నవాళ్లకి 5 షిల్లింగులు వేశారు. క్రీస్తు మీద అంత భక్తి. 1888లో బొంబాయిలో గాంధీని ఆయన కులపెద్దలు సముద్రం దాటుతున్నందుకు వెలివేసి, రేవుకు వెళ్లి సాగనంపినవాళ్లకి తలా రూపాయి పావలా విధించారు. తిరిగొచ్చాక అన్నగారు నాసిక్‌లో నదీస్నానం చేయించినా కులంలో ఒక వర్గం వెలి ఎత్తెయ్యలేదు. అత్తవారింట్లో మంచినీళ్లు కూడా ముట్టడానికి లేదు. చాటుగా ఇస్తామని అత్తమామలు సిద్ధపడ్డారు. బాహాటంగా చెయ్యలేనిది చాటుగా చెయ్యనని ఈయన మొరాయించారు. వీళ్లలో ఎవరిది ఎక్కువ నిష్ఠో నాకింకా తేలలేదు.

సంఘం వీరగాథల్లో అగ్రస్థానం మాత్రం రష్యాకే ఇవ్వాలి. 1653లో అక్కడి చర్చి పెద్ద నికోన్, సిలువ గుర్తు వేసుకోవడానికి రెండు వేళ్లు చాలవు, మూడు కావాలని ఉత్తర్వు వేశాడు. యేసు పేరులో ఒక అక్షరం పెంచారు. రెండుసార్లు పలికే అల్లెలూయాను మూడు చేశారు. ప్రభువుకు వేళ్ల లెక్క తప్పుగా చేరితే ఏమవుతుందోనని రెండు పక్షాలకీ ఒకటే టెన్షన్. మరి పాత పద్ధతి వదలనివాళ్లకి శాపం పెట్టకుండా ఎలా? 1667లో పెట్టారు. సొలొవెత్స్కీ మఠంలో సన్యాసులు తలుపులు బిగించుకుని జార్ చక్రవర్తి సైన్యాన్ని దాదాపు 8 ఏళ్లు నిలువరించారు. అవ్వాకుమ్ అనే గురువును పుస్తోజెర్స్క్‌లో ఏళ్ల తరబడి నేలగోతిలో ఉంచి, 1682లో సజీవంగా కాల్చారు. ఆయన రెండు వేళ్ల మనిషి.

1971లో మాస్కోలో చర్చి పెద్దలంతా సమావేశమై, రెండు వేళ్లయినా మూడు వేళ్లయినా సమానమేనని, ఆ శాపాలు అసలు లేనట్టేనని తీర్మానించారు. అప్పటికి అవ్వాకుమ్ పోయి 289 ఏళ్లు. ఆయనకు తీర్మానం నకలు అందజేసే పద్ధతి రూల్సులో ఎక్కడా లేదు.