ముందు చర్మం బిగుతా? సున్తీకి ముందు క్రీమ్ సంగతి చూడండి

అంగం ముందు చర్మం వెనక్కి రావడం లేదంటే సున్తీ ఒక్కటే దారి అనే నమ్మకం ఇంకా గట్టిగానే ఉంది. దానికి కాలం చెల్లి చాలా రోజులైంది. ఈ బిగుతునే ఫైమోసిస్ అంటారు. మచ్చ కట్టని ఫైమోసిస్‌కు మొదటి వైద్యం స్టెరాయిడ్ క్రీమ్. దాన్ని సరైన చోట, పూర్తి గడువు వాడి చూశాకే కత్తి మాట ఎత్తాలి.

పసిపిల్లలకైతే చాలాసార్లు ఆ క్రీమ్ కూడా అక్కర్లేదు. పుట్టినప్పుడు చర్మం లోపలి పొర అంగం కొనకు అతుక్కునే ఉంటుంది, ఏళ్ల మీద దానంతటదే విడిపోతుంది. డెన్మార్క్ బడిపిల్లలపై 1968లో యాకోబ్ ఓస్టర్ ప్రచురించిన అధ్యయనంలో ఆరేడేళ్ల వాళ్లలో 8 శాతం మందికి కనిపించిన ఫైమోసిస్, 16–17 ఏళ్ల వాళ్లలో 1 శాతానికే పరిమితమైంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బినా, చర్మం కింద తెల్లటి గడ్డల్లా పాచి చేరినా, నొప్పీ వాపూ లేకపోతే కంగారు పడాల్సింది లేదు. అసలు ప్రమాదం స్నానం చేయిస్తూ చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగే పెద్దల చేతుల్లో ఉంది. చర్మం చిట్లుతుంది, మానేటప్పుడు మచ్చ కడుతుంది, లేని జబ్బు అలా వచ్చిపడుతుంది.

ఇక పెద్ద పిల్లలకూ యువకులకూ డాక్టర్లు సాధారణంగా రాసేది 0.05 శాతం బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్. రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక చర్మం మెత్తబడి ఉంటుంది. అప్పుడు నొప్పి పుట్టనంత వరకే వెనక్కి లాగితే బిగుతుగా ఉన్న వలయం కనిపిస్తుంది. క్రీమ్ పడాల్సింది సరిగ్గా దాని మీద, అదీ పల్చటి పూతగా. చాలామంది పైచర్మానికి రాసి ఊరుకుంటారు, మందు పనిచేయలేదని వాపోతారు. పూత ఇంకాక అదే వలయాన్ని అర నిమిషం చొప్పున నాలుగైదుసార్లు మెల్లగా సాగదీయాలి. బిగువు తెలియాలి గానీ మంట పుట్టకూడదు. రక్తపు చారిక కనబడితే అతి చేసినట్టే. పుండు మానేదాకా సాగదీయడం ఆపాలి. చర్మం వదులైంది కదా అని ఆ రోజే అన్నీ మానేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. క్రీమ్ ఆపేసినా, రోజూ చర్మం వెనక్కి తీసి మామూలు నీళ్లతో కడిగి, తుడిచి, తిరిగి ముందుకు తెచ్చే అలవాటు కొనసాగాలి.

ఆ చివరి పని మరిచిపోతే ముప్పు. వెనక్కి పోయిన చర్మం అక్కడే ఇరుక్కుంటే కొన వాచిపోతుంది, రక్తప్రసరణ దెబ్బతింటుంది. ఇది పారాఫైమోసిస్. కొనను కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టి వాపు తగ్గించి చర్మాన్ని ముందుకు తేవచ్చు. అలా రాకపోతే తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

సున్తీని సమర్థించేవాళ్లు ఒక్కసారితో పని అయిపోతుందంటారు. నిజమే. చర్మం తెల్లగా, గట్టిగా, మచ్చ కట్టినట్టుంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. అది ముదిరితే మూత్రద్వారం కూడా ఇరుకవుతుంది, అక్కడ సున్తీయే మేలు. తీసిన చర్మాన్ని పరీక్షకు పంపడం మరవకూడదు. కానీ ఈ కేసులను చూపించి అందరికీ అదే రాయడం కుదరదు.

పెద్దవయసులో కొత్తగా బిగుసుకుంటే ముందు చేయించాల్సింది షుగర్ పరీక్ష. చక్కెర అదుపులో లేనివాళ్లకు ఫంగస్ పదేపదే వచ్చి చర్మం పగిలి గట్టిపడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి కాబట్టి వాటితోనూ ఈ ఫంగస్ పెరుగుతుంది. దాన్ని వదిలేసి స్టెరాయిడ్ ఒక్కటే పూస్తే ఫంగస్ ఇంకా చెలరేగుతుంది.

క్రీమ్‌కు లొంగకపోయినా సున్తీ దాకా పోనక్కర్లేని దారి ఒకటుంది. ప్రెప్యూషియోప్లాస్టీ అనే ఆపరేషన్‌లో వలయాన్ని నిలువుగా కోసి అడ్డంగా కుట్టేస్తారు. చుట్టుకొలత పెరుగుతుంది, చర్మం మిగులుతుంది. ఈ సంగతి రోగికి చెప్పేవాళ్లే తక్కువ.

ఎందుకు తక్కువ? ఆపరేషన్‌కు ధర ఉంది, వివరించి చెప్పడానికి లేదు. మొత్తం వైద్యానికే పట్టిన తెగులు ఇది. ఇన్‌హేలర్ పట్టుకోవడం నేర్పకుండా ఆస్తమా మందు మార్చడం, నడుము వ్యాయామం చూపించకుండా స్కాన్ రాయడం ఈ కోవలోవే. క్రీమ్ ట్యూబు చేతికిచ్చి ‘రాసుకో’ అనడం చికిత్స కాదు. ఏ వలయానికి, ఎంత పూత, ఎంత బిగువు అన్నది అద్దం పట్టి చూపించడమే చికిత్స. అసలే సిగ్గుతో నోరు విప్పని రోగి ఇవన్నీ తనంతట తాను అడుగుతాడా? నాలుగు వారాలకు మళ్లీ పిలిచి, చర్మం ఎంత వదిలిందో స్వయంగా చూడాలి. అంతవరకూ ‘క్రీమ్ విఫలమైంది’ అని కేస్ షీటులో రాసే హక్కు డాక్టరుకు లేదు.