గుండె మాత్ర వాడేవారి కంటి నరాన్ని ఎవరు చూస్తున్నారు?

గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు వైద్యులు ఆశ్రయించే మందుల్లో అమియోడరోన్ ముఖ్యమైనది. 1960లలో బెల్జియంలో ఛాతీనొప్పి కోసం తయారైన మందు ఇది. లయను నిలబెట్టే గుణం తరువాత బయటపడింది. దాని బరువులో దాదాపు 37 శాతం అయోడినే. కాబట్టి థైరాయిడ్ పరీక్ష ఎవరూ మరచిపోరు. కాలేయానికీ, ఊపిరితిత్తులకూ పరీక్షలు రాస్తారు. కన్ను మాత్రం తరచూ ఆ చీటీలోకి ఎక్కదు.

దీనికి ఒక కారణం, విచిత్రంగా, కన్నే. ఈ మందు ఎక్కువకాలం వాడినవారిలో చాలామందికి కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) మీద సుడి ఆకారంలో సన్నని గీతలు ఏర్పడతాయి. చూపుకు వాటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. ‘ఈ మందుతో కంటికి వచ్చేది ఇంతే’ అన్న ధీమా అక్కడే పుడుతుంది. అసలు చూడవలసింది కంటి వెనక ఉన్న దృష్టి నాడిని.

అరుదుగానే అయినా ఆ నాడి దెబ్బతింటుంది. కొందరికి చూపు శాశ్వతంగా పోయింది కూడా. నేరం మందుదేనని తేల్చడం తేలిక కాదు. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి రక్తప్రసరణ తగ్గి అదే నాడి దెబ్బతినవచ్చు. అయితే రెండింటి నడకలో తేడా ఉంది. రక్తప్రసరణ దెబ్బ సాధారణంగా ఒక కంటికి, హఠాత్తుగా తగులుతుంది. నాడి మొదట్లో వచ్చే వాపు వారాల్లో తగ్గుతుంది. మందు దెబ్బ మెల్లగా, తరచూ రెండు కళ్లకూ వస్తుంది. వాపు నెలల తరబడి ఉంటుంది. మెల్లగా రావడమే దీనిలోని మోసం. చూపు మసకబారితే రోగి వయసును నిందిస్తాడు, ఇంట్లోవాళ్లు కళ్లజోడును నిందిస్తారు.

అలాగని భయపడి మాత్ర సొంతంగా మానేయడం ఇంకా పెద్ద తప్పు. లయ మళ్లీ తప్పితే ప్రాణానికే ముప్పు. పైగా ఈ మందు కొవ్వు కణజాలంలో దాగి, ఆపాక కూడా వారాలు, నెలలు ఒంట్లోనే ఉంటుంది. మార్చాలా వద్దా అన్నది గుండె వైద్యుడూ కంటి వైద్యుడూ మాట్లాడుకుని తేల్చవలసిన సంగతి. నా ఫిర్యాదు ఇక్కడే: ఆ ఇద్దరి మధ్య కబురు మోసే పని రోగి నెత్తిన పడుతోంది. మందు మొదలుపెట్టేటప్పుడే దృష్టి నాడి ఎలా ఉందో ఒకసారి చూసి రాసిపెడితే, రేపు మసక వచ్చిన రోజున పోల్చుకోవడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.