గదిని బట్టి కోత

కర్నూలు ఎన్.ఆర్.పేటలో ఏదో ఒక ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి "గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కు ఎంతయితాది మేడం?" అని అడిగి చూడండి. ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే ఎదురు ప్రశ్న వేస్తుంది: "ఏ రూమ్ తీసుకుంటారన్నా?"

ఆలూరు నుంచి వచ్చిన మనిషి బిత్తరపోతాడు. రాళ్లెన్ని, ఎంత సైజువి అని అడుగుతారనుకుని స్కానింగ్ కవరు చంకలో పెట్టుకొచ్చాడు పాపం. దాన్ని చూసేవాళ్లు లేరు.

వైద్యశాస్త్రం సాధించిన ఈ ప్రగతిని మనం గౌరవించాలి. రోగి పడుకునే మంచాన్ని బట్టి అతని పిత్తాశయం (అదే, గాల్ బ్లాడర్) విలువ మారుతుందని కనిపెట్టడం సామాన్యమైన పని కాదు. రేటు కార్డు చూపిస్తే (చూపించరు, అది వేరే సంగతి) అందులో జనరల్ వార్డు, ట్విన్ షేరింగ్ (ఇద్దరికో గది), సింగిల్ ఏసీ, డీలక్స్ అని నాలుగు గళ్లుంటాయి. గది అద్దె పెరిగితే పేచీ లేదు. ఏసీకి కరెంటు కాలుతుంది, టీవీ ఉంటుంది, అటెండరుకు, అంటే పేషెంటు వెంట ఉండేవాళ్లకు, సోఫా ఉంటుంది. కానీ అడ్డంగా చదువుకుంటూ పోండి. సర్జన్ ఫీజు పెరుగుతుంది. మత్తు డాక్టరు ఫీజు మామూలుగా సర్జన్ ఫీజులో ఇంత శాతమని కడతారు కాబట్టి అది దానంతటదే పెరుగుతుంది. థియేటర్ చార్జీ, డ్యూటీ డాక్టరు రౌండ్ల చార్జీ, ఆఖరికి కట్టు మార్చే చార్జీ కూడా పెరుగుతాయి. థియేటర్ మాత్రం ఒక్కటే. బల్ల ఒక్కటే, కెమెరా ఒక్కటే, పొట్టకు పెట్టే రంధ్రాలు ఎవరికైనా అవే నాలుగు.

మరి తేడా ఎక్కడుందంటారు? తప్పకుండా లోపలే ఉండాలి. పేషెంటుకు మత్తిచ్చారు. సర్జన్ గారు గ్లోవ్స్ తొడుక్కొని, బొడ్డు దగ్గర కత్తి ఆనించి, ఒక్క క్షణం ఆగుతారు.

"సిస్టర్, ఈయన ఏ రూమ్?"

"ట్విన్ షేరింగ్ సార్."

"సరే, సగం శ్రద్ధ చాలు."

మత్తు డాక్టరు అందుకుంటాడు: "డీలక్స్ వాళ్లకయితే కలలు కూడా ఇస్తా సార్. వీళ్లకు ఉత్త నిద్రే." పొట్ట ఉబ్బడానికి నింపే కార్బన్ డయాక్సైడ్ సింగిల్ ఏసీ వాళ్లకు చల్లగానూ, జనరల్ వార్డు వాళ్లకు ఉక్కపోతగానూ ఉంటుంది. డీలక్స్ పిత్తాశయం "వెళ్లొస్తానండీ" అని మర్యాదగా బయటికి నడిచొస్తుంది, జనరల్ వార్డుదాన్ని ఈడ్చి తీయాలి. ఇంతలో కింది నుంచి ఫోను: అటెండర్లు సింగిల్ రూముకు మారారు! "అయ్యో, ముందే చెప్పొద్దా? పదండి, మళ్లీ మొదటి నుంచి చేతులు కడుక్కుందాం."

నవ్వకండి. బిల్లులో జరిగేది ఇదే. మధ్యలో పెద్ద రూముకు మారితే చాలాచోట్ల అప్పటికే అయిపోయిన ఆపరేషన్‌కు కూడా పెద్ద రూము రేటే పడుతుంది.

ఇక ప్యాకేజీ, అంటే ఆపరేషన్ మొత్తానికి కలిపి చెప్పే ఒకే అంకె. ఆ అంకెలో ఏముందన్నది కాదు, ఏం లేదన్నది అడగాలి. ముందు చేసే రక్త పరీక్షలు, ఈసీజీ, టూడీ ఎకో అనే గుండె స్కానింగ్ చాలాసార్లు ఉండవు. మందులుండవు. పిత్తనాళానికి, రక్తనాళానికి వేసే క్లిప్పులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తీసిన సంచిని బయాప్సీకి పంపితే ఆ ల్యాబ్ ఖర్చు వేరు. లోపల అతుక్కుపోయి కెమెరాతో కుదరక పొట్ట కోయాల్సి వస్తే రోజులూ పెరుగుతాయి, రేటూ మారుతుంది. రాయి పిత్తనాళంలోకి జారి ఉంటే నోట్లోంచి గొట్టం దించి దాన్ని తీసే ఈఆర్‌సీపీ అని వేరే డాక్టరు, వేరే బిల్లు. ఈ చివరి రెండింటికీ ఎంతవుతుందో అడ్మిషన్ రోజే కాగితం మీద రాయించుకోవాలి. స్ట్రెచర్ పక్కన సంతకం పెట్టేటప్పుడు బేరం సాగదు.

ఓటీ లిస్టుది, అంటే ఆపరేషన్ థియేటర్‌లోకి కావాల్సిన సామాన్ల చీటీది, ఇంకో కథ. చీటీ పట్టుకొని ఆసుపత్రిలోని మందుల షాపుకు పోతే పెద్ద కవరు నింపి ఇస్తారు. ఏడున్నర సైజు గ్లోవ్స్, ఆర్ఎల్ సెలైన్ సీసాలు, ఐవీ సెట్లు, కుట్ల దారాలు, దూది. థియేటర్ తలుపు సందులోంచి ఒక చేయి వచ్చి ఆ కవరు లోపలికి లాక్కుంటుంది. లిస్టులో 20 జతల గ్లోవ్స్ ఉంటే 40 చేతులన్నమాట. లోపల అంతమంది ఉంటే పేషెంటు నిలబడే చేయించుకోవాలి. వాడనివి వెనక్కి ఇస్తే బిల్లులో తగ్గించాలి. "రిటర్న్స్ ఏవి?" అని డిశ్చార్జికి ముందే అడగండి, ఎంత మొహం చిట్లించినా సరే.

"మేం ఎమ్మార్పీకే అమ్ముతున్నాం" అంటారు. నిజమే, అబద్ధం కాదు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తవ్వితే లాభం 1,737 శాతం దాకా తేలింది. చట్టం దాటకుండానే! ఎమ్మార్పీ అంకెనే అంత ఎత్తున అచ్చేయిస్తే ఇక దాటాల్సిన పనేముంది? 2017లో స్టెంట్లకు, తర్వాత మోకాలి మార్పిడిలో వేసే కృత్రిమ కీళ్లకు గరిష్ఠ ధర కట్టారు. గాలిబుడగను ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బినట్టు, ప్రొసీజర్ చార్జీలు ఉబ్బితే ఎవరు కొలుస్తారు?

బీమా ఉందని ధీమా పడేవాళ్లకూ గది దగ్గరే గండం. 3 లక్షల పాలసీలో గది అద్దెకు రోజుకు ఒక శాతం పరిమితి ఉంటే 3,000. మీరు 6,000 గది తీసుకుని రెండు రోజులున్నారు. పోయేది అద్దెలో తేడా 6,000 మాత్రమే అనుకుంటారు. సర్జన్, మత్తు, థియేటర్ కలిపి 60,000 అయితే, మీ పరిమితి ఆ గది అద్దెలో సగమే కాబట్టి, బీమావాళ్లు అందులోనూ సగం కోస్తారు. మొత్తం 36,000 మీ జేబులోంచే. అయితే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ఒకటుంది: మందులు, ఇంప్లాంట్లు, ఐసీయూ ఖర్చుల్లో ఈ కోత పెట్టకూడదు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలో అసలు కోతే ఉండకూడదు. క్లెయిమ్ లెటర్ వచ్చాక ఇది చూసుకోండి.

ఇంతదాకా వెటకారమే. ఇక్కడి నుంచి నావల్ల కాదు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారి, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయిన పథకంలో పేషెంటు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. పరీక్షలు, మందులు, ఇంప్లాంటు, భోజనం, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, అన్నీ ప్యాకేజీలోనే. అయినా అప్రూవల్ వచ్చాక ఎవడో పక్కకు పిలుస్తాడు. "గవర్నమెంటు ఇచ్చేది చాలదు, పైన ఇరవై వేలు కట్టండి, మంచి మెష్ వేస్తాం." మెష్ అంటే హెర్నియా ఆపరేషన్‌లో లోపల వేసే వల. మంచిది కాకపోతే మరి ఏది వేద్దామనుకున్నావయ్యా? వేరుశనగ ఎండిపోయి, పెళ్లాం మెడలో గొలుసు కుదువపెట్టి వచ్చినవాడి దగ్గర, అటు ప్రభుత్వానికీ బిల్లు పెట్టి, ఇటు రసీదు లేకుండా నోట్లు లెక్కపెట్టుకోవడం దొంగతనం. ఇందులో గది లేదు, ఏసీ లేదు, ఉత్త దోపిడీ.

అడిగినవాణ్ని వెంటబెట్టుకొని ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గరికి పోండి. అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. కట్టక తప్పని పరిస్థితయితే నగదు ఇవ్వొద్దు. ఆసుపత్రి ఖాతాకే ఫోన్‌పే చేసి, ఆ స్క్రీన్‌షాట్ ఇంట్లో ఇంకొకరికి పంపి పెట్టుకోండి. ఫిర్యాదుకు అదే ఆధారం.